"దొరకడం లేదు సార్": సైన్స్ లైబ్రేరియన్‌కు సమస్య - పరిష్కారం

తిరుపతిలో ఏ సైన్స్ లైబ్రరీ కౌంటర్ దగ్గర నిలబడినా ఎక్కువగా వినిపించే మాట "దొరకడం లేదు సార్". ఎస్వీ యూనివర్సిటీ కెమిస్ట్రీ స్కాలరైనా, గాదంకి వాతావరణ రాడార్ డేటా మీద పని చేసేవాళ్లైనా అదే మాటతో వస్తారు. మనం వెంటనే గూగుల్ స్కాలర్ తెరిచి వెతుకులాట మొదలుపెడతాం. టైమ్ పోయేది అక్కడే. దొరకకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ఏ కారణమో తేల్చుకున్నాకే టూల్ జోలికి వెళ్లాలి.

సమస్య: రెఫరెన్స్ చేతిలో ఉంది, పేపర్ మాత్రం ఎక్కడా లేదు

రెఫరెన్స్‌లో డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే ముందు దాన్ని డీఓఐ సైట్‌లో పెట్టి చూడండి. లేకపోతే పేపర్ శీర్షికను, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సెర్చ్‌లో వేయండి. ఇది ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

తేలకపోతే జర్నల్ పేరును అనుమానించాలి. పాత కెమిస్ట్రీ రెఫరెన్స్‌లలో పేర్లను పొడి అక్షరాలకు కుదించేసి ఉంటారు. వాటిని విప్పడానికి కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ వాళ్ల క్యాసీ అనే ఉచిత సాధనం ఉంది. ఇంకో చిక్కు, పేర్లు మారిపోవడం. 1934లో మొదలైన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 'ప్రొసీడింగ్స్' తర్వాత సబ్జెక్టులవారీగా చీలింది. ఇప్పటి జర్నల్ ఆఫ్ కెమికల్ సైన్సెస్, జర్నల్ ఆఫ్ ఎర్త్ సిస్టమ్ సైన్స్ ఆ కొమ్మలే. పాత పేరుతో వచ్చిన స్కాలర్ కొత్త పేరు కింద వెతకడు కాబట్టి అతనికి ఏమీ కనిపించదు. అకాడమీ సైట్‌లో పాత సంచికల పీడీఎఫ్‌లు ఉచితంగా ఉన్నాయి. ఇండియన్ జర్నల్ ఆఫ్ రేడియో అండ్ స్పేస్ ఫిజిక్స్ లాంటి సీఎస్ఐఆర్ జర్నళ్లకు నోపర్ అనే ఆన్‌లైన్ భాండాగారం చూడాలి. వాతావరణ పరిశోధన చేసేవాళ్లకు ఈ రెండూ బాగా పనికొస్తాయి, కానీ మొదట వీటిని తెరిచేవాళ్లు తక్కువ.

ఈమధ్య ఇంకో కారణం కూడా తోడైంది. ఆ పేపర్ అసలు పుట్టనే లేదు! చాట్‌బాట్‌ను రెఫరెన్స్‌లు అడిగితే నిజమైన జర్నల్ పేరు, ఆ రంగంలో నిజంగా ఉన్న రచయిత పేరు కలిపి, లేని శీర్షిక ఒకటి అల్లి ఇస్తుంది. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. డీఓఐ కొడితే వేరే పేపర్ తెరుచుకుంటుంది, లేదా అసలు తెరుచుకోదు. అనుమానం తీరకపోతే జర్నల్ సైట్‌లో ఆ వాల్యూమ్, ఆ పేజీ నంబర్ తెరిచి చూడండి. అక్కడ వేరే పేపర్ ఉంటే ఇక వెతకడం ఆపేయొచ్చు. స్కాలర్‌ను మందలించే ముందు "ఈ రెఫరెన్స్ ఎక్కడ దొరికిందమ్మా?" అని మెల్లగా అడగండి. సిగ్గుపడి దాచేస్తే మిగతా నలభై రెఫరెన్స్‌ల సంగతి మనకు తెలియదు.

సమస్య: డిపార్ట్‌మెంట్‌లో తెరుచుకుంటుంది, హాస్టల్‌లో డబ్బులు అడుగుతుంది

క్యాంపస్ నెట్‌వర్క్ ఐపీ అడ్రస్‌ను చూసి పబ్లిషర్ లోపలికి వదులుతాడు. మొబైల్ డేటాలో ఆ అడ్రస్ ఉండదు. దీనికి మందు, యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇన్‌ఫెడ్ లాగిన్. మీ సంస్థ అందులో చేరి ఉంటే స్కాలర్‌కు యూజర్ ఐడీ ఇప్పించండి. పబ్లిషర్ పేజీలో "సంస్థ ద్వారా లాగిన్" అన్న దారి పట్టుకోమని చెప్పండి.

క్యాంపస్ మొత్తానికి ఒకేసారి ఆగిపోతే కారణం వేరు. ఇంటర్నెట్ కనెక్షన్ మార్చినప్పుడు ఐపీ కూడా మారుతుంది, ఆ సంగతి లైబ్రరీకి ఎవరూ చెప్పరు. కంప్యూటర్ సెంటర్ నుంచి కొత్త ఐపీ రేంజ్ తీసుకుని పబ్లిషర్లకు పంపితే సరిపోతుంది.

కేంద్రమే దేశమంతటికీ కలిపి జర్నళ్ల చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరి 1న మొదలైంది. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు అందులో ఉన్నాయి. అయితే అది ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు. ఊళ్లోని ప్రైవేటు కాలేజీ లెక్చరర్ "మాకెందుకు రాదు?" అని అడిగితే జవాబు ఇదే. వాళ్లకు అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో పెట్టించండి. చట్టబద్ధంగా ఉచితంగా ఉన్న కాపీ ఎక్కడైనా ఉంటే అదే చూపిస్తుంది. బయాలజీకి పబ్‌మెడ్ సెంట్రల్, ఫిజిక్స్, మ్యాథ్స్‌కు ఆర్కైవ్ (arXiv) ప్రీప్రింట్లు, అంటే ప్రచురణకు ముందు రచయితలు పెట్టే కాపీలు, గణితం సమీక్షలకు 2021 నుంచి ఉచితమైన జడ్‌బీమ్యాథ్ ఓపెన్ ఉన్నాయి. ఇవేవీ పనిచేయకపోతే రచయితకే మర్యాదగా ఒక మెయిల్ రాయమనండి. చాలామంది పంపిస్తారు.

సమస్య: ఎర్రచందనం మీద వెతికితే వేలకొద్దీ వస్తాయి, కావాల్సినవి రావు

శేషాచలం చెట్ల మీద పని చేసే బోటనీ స్కాలర్లకు ఇది తప్పదు. ఇంగ్లీషులో ఈ చెట్టుకు రెడ్ శాండర్స్, రెడ్ సాండర్స్, రెడ్ శాండల్‌వుడ్ అని రకరకాల పేర్లున్నాయి. శాండల్‌వుడ్ అని మాత్రమే కొడితే వేరే జాతికి చెందిన శ్రీగంధం వచ్చి మీద పడుతుంది. టెరోకార్పస్ శాంటాలినస్ అన్న శాస్త్రీయ నామాన్ని కొటేషన్లలో పెట్టి, వాడుక పేర్లను 'ఆర్' (OR)తో కలపండి. శాస్త్రీయ నామానికి పాత పర్యాయాలుంటే క్యూ గార్డెన్స్ వాళ్ల ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. రసాయనాలకూ ఇంతే. పేరుతో కాకుండా పబ్‌కెమ్‌లో ఆ రసాయనానికి ఇచ్చిన సీఏఎస్ గుర్తింపు నంబర్ చూసుకుని దానితో వెతకండి.

సమస్య: మన ప్రొఫెసర్ పేపర్లు డేటాబేస్‌లో సగమే కనిపిస్తున్నాయి

విద్యాసంస్థలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్‌కు పంపే రిపోర్టు గడువు దగ్గరపడితే అందరికీ టెన్షన్ పట్టుకునేది ఇక్కడే. నిజానికి తప్పు ఎవరిదీ కాదు, మన పేర్లు అలాంటివి. మనం ఇంటిపేరు ముందు పెడతాం, దాన్ని ఇనీషియల్‌కు కుదిస్తాం, చివర రెడ్డి, రావు, నాయుడు ఉంటాయి. పడమటి దేశాల పద్ధతిలో కట్టిన డేటాబేస్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. ఒక పేపర్‌లో రెండు ఇనీషియల్స్, ఇంకోదాంట్లో మూడు, మరోదాంట్లో పూర్తి పేరు. ఒకే మనిషికి మూడు ప్రొఫైళ్లు తయారవుతాయి. అవే ఇనీషియల్స్ ఉన్న ఇంకో రెడ్డిగారి పేపర్లు వచ్చి మనవాటిలో కలుస్తాయి కూడా.

పాత పేపర్లకు స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో ప్రొఫైళ్లు కలపమని రచయితే అభ్యర్థన పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లకు పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ నాడే ఆర్కిడ్ ఐడీ (పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీయించండి. అది ఉచితం. పేరు ఎప్పుడూ ఒకే తీరుగా రాయమనండి.

సంస్థ పేర్లతో తిరుపతికి ప్రత్యేకమైన తిప్పలున్నాయి. "శ్రీ వెంకటేశ్వర" అని మాత్రమే వెతికితే యూనివర్సిటీతో పాటు వెటర్నరీ యూనివర్సిటీ, స్విమ్స్ ఆసుపత్రి, ఢిల్లీలోని వెంకటేశ్వర కాలేజీ కూడా వస్తాయి. స్వామివారి పేరుకు కొదవ లేదు కదా! ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో 'హెచ్' ఉన్నవి, లేనివి వేరు. గాదంకి ప్రయోగశాల మొదట జాతీయ ఎమ్మెస్టీ రాడార్ కేంద్రం, 2005లో నార్ల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) అయింది. కొత్త పేరుతోనే వెతికితే ముందటి పేపర్లన్నీ జారిపోతాయి. సంస్థ పేరు టైప్ చేయకుండా, సంస్థలకు గుర్తింపు సంఖ్యగా ఇచ్చే దాని ఆర్‌ఓఆర్ ఐడీతో ఓపెన్‌అలెక్స్‌లో వెతకండి. 2022లో వచ్చిన ఈ ఉచిత డేటాబేస్‌లో లోపాలు లేకపోలేదు. వచ్చిన జాబితాను డిపార్ట్‌మెంట్‌కు పంపి సరిచూసుకోండి.

సమస్య: ఈ జర్నల్‌ను నమ్మొచ్చా?

నమ్మదగిన జర్నళ్ల యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు కాబట్టి "జాబితాలో ఉందా" అన్న ప్రశ్నతో పని జరగదు. ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదవగల) జర్నలైతే డీఓఏజే జాబితా చూడండి. జర్నళ్లకు గుర్తింపు సంఖ్య ఇచ్చే ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో నంబర్, పేరు సరిపోలుతున్నాయా లేదా చూడండి. అసలు జర్నల్ పేరు, నంబర్ కాజేసి పక్కన దొంగ సైట్ పెట్టినవాళ్లూ ఉన్నారు. వాటిని పట్టుకోవడానికి రిట్రాక్షన్ వాచ్ వాళ్ల హైజాక్డ్ జర్నల్ చెకర్ ఉంది. స్కాలర్ మెయిల్‌లో వచ్చిన లింకు పట్టుకుని వస్తే దాన్ని పక్కన పెట్టి, ప్రచురణ సంస్థ సొంత సైట్ నుంచి జర్నల్ సైట్‌కు వెళ్లండి. రెండు అడ్రస్‌లు వేరైతే ప్రచురణ ఫీజు కట్టొద్దని అప్పుడే చెప్పేయండి.