విమానం ఎక్కకముందే బ్యాంకు నంబరు సంగతి తేల్చుకోండి

జూలై సగం దాటిందంటే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి పట్టణాల్లో అమెరికా చదువులకు బయలుదేరే పిల్లలున్న ఇళ్లన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. ముందుగదిలో తూకం మిషను, 23 కిలోలు దాటిందని మూడోసారి విప్పిన పెట్టె, పచ్చళ్ల డబ్బాలు, సర్టిఫికెట్ల ఫైలు ఉంటాయి. గల్ఫ్‌కు పోయేవారికి ఈపాటి వ్యవధి కూడా ఉండదు, వీసా చేతికి వచ్చిన కొద్ది రోజులకే శంషాబాద్ బాట పట్టాలి. ఈ రెండు రకాల ఇళ్లలోనూ తరచుగా మరచిపోయే సంగతి ఒకటి ఉంది. బ్యాంకు ఖాతాకు కలిపి ఉన్న పది అంకెల ఫోన్ నంబరు రేపటి నుంచి ఏ దేశంలో, ఎవరి చేతిలో, ఏ స్థితిలో ఉండబోతున్నదో ఎవరూ అడగరు.

పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, పాస్‌వర్డు అన్నీ దగ్గరున్నా, ఆ నంబరుకు వచ్చే ఓటీపీ అందకపోతే ఆన్‌లైన్‌లో చాలాసార్లు ఒక్క రూపాయి కదలదు. నేను మస్కట్‌లో పనిచేసిన తొలి సంవత్సరం ఈ విషయం నష్టపోయి తెలుసుకున్నాను. సిమ్‌ను నల్లగొండలో ఇంటి బీరువాలో పెట్టి వెళ్లాను. రీచార్జ్ గడువు ఎప్పుడు తీరిందో నాకు తెలియదు, ఇంట్లోవాళ్లకు అంతకన్నా తెలియదు. చెల్లెలి కాలేజీ ఫీజు కట్టడానికి చివరి రోజున కూర్చుంటే ఓటీపీ రాలేదు. అనుమానం వచ్చి నా నంబరుకు నేనే ఫోన్ చేస్తే ఎవరో పెద్దమనిషి ఎత్తి, కొన్ని వారాలుగా మీ బ్యాంకు మెసేజీలు నాకే వస్తున్నాయని హిందీలో చెప్పాడు. ఆయన మంచివాడు కాబట్టి నా సొమ్ము మిగిలింది. అయినా నా ఖాతాలో ఎంత పడుతున్నదో, ఎంత తీస్తున్నానో ముఖం తెలియని మనిషికి అన్ని రోజులు తెలుస్తూనే ఉన్నది. కొత్త నంబరు కలపాలంటే స్వయంగా రావలసిందేనని బ్రాంచిలో చెప్పారు. సెలవు దొరికి ఊరికి వచ్చేదాకా ఏడు నెలలపాటు ఆ ఖాతా నాకు ఉండీ లేనట్టే అయింది.

అందువల్ల మొదట సిమ్ సంగతి చూడండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో తెచ్చిన నిబంధన ప్రకారం, 90 రోజులు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ నిలిపివేయవచ్చు. బ్యాలెన్సు కనీసం 20 రూపాయలు ఉంటే ఆ సొమ్ము తీసుకుని మరో 30 రోజులు కొనసాగించాలి. కానీ ఈ 90 రోజుల లెక్క నంబరు మీ పేరున మిగలడానికి మాత్రమే పనికొస్తుంది. ప్లాన్ గడువు తీరాక కొద్ది రోజుల్లోనే వచ్చే మెసేజీలు ఆగిపోతాయి, మనకు కావలసినవి ఆ మెసేజీలే. ఇంటర్నెట్ అక్కరలేనివారి కోసం కాల్స్‌కు, మెసేజీలకు మాత్రమే పనికివచ్చే ప్యాకులు ఇవ్వాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. విదేశంలో ఉండేవారికి ఇంతకన్నా అనువైనది లేదు. ఏడాది రీచార్జ్ ఒకేసారి చేయించి, గడువు తీరే తేదీకి నెల ముందే గుర్తుచేసేలా ఫోన్‌లో పెట్టుకోండి. నిలిపివేసిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీ మరొకరికి ఇవ్వవచ్చు, నా నంబరు ఆ పెద్దమనిషికి చేరింది ఆ దారిలోనే.

సిమ్‌ను మీతో తీసుకువెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం. రెండు సిమ్‌లు పట్టే ఫోన్ ఉంటే ఒక దానిలో మన నంబరు, రెండవ దానిలో అక్కడి నంబరు పెట్టుకోవచ్చు. కొత్త ఫోన్లలో ఒక నంబరును విడిగా కార్డు అక్కరలేని ఈ-సిమ్‌గా మార్చుకోవచ్చు, అయితే ఆ మార్పు ఇక్కడ ఉండగానే, కంపెనీ దుకాణంలోనో దాని సొంత యాప్‌లోనో చేయించుకోండి. ఈ-సిమ్ చేసిపెడతామని ఫోన్ చేసేవారిని నమ్మవద్దు, ఆ మాయమాటలతో నంబరునే తమ ఫోన్‌లోకి లాక్కునే మోసగాళ్లు ఉన్నారు. మన సిమ్ విదేశంలోనూ పనిచేసేలా చేసే అంతర్జాతీయ రోమింగ్ సేవను కూడా బయలుదేరకముందే తెరిపించుకోవాలి. సాధారణంగా రోమింగ్‌లో వచ్చే మెసేజీలకు రుసుము ఉండదు, కానీ ప్యాక్ లేకుండా వచ్చిన కాల్ ఎత్తితే నిమిషాల లెక్కన డబ్బు పోతుంది. కాబట్టి మన సిమ్‌కు డేటా రోమింగ్ ఆపివేసి, అక్కడి నంబరుకే ఫోన్ చేయాలని బంధువులకు ముందే చెప్పండి. దిగిన రోజునే పది రూపాయల లావాదేవీ ఒకటి చేసి ఓటీపీ వస్తున్నదో లేదో చూసుకోండి. రాకపోతే ఫోన్ సెట్టింగులలో అక్కడి మరో నెట్‌వర్క్‌ను స్వయంగా ఎంచుకుని మళ్లీ ప్రయత్నించండి. ఫీజు కట్టవలసిన చివరి రోజున ఈ ప్రయోగాలు చేసే ఓపిక ఎవరికీ ఉండదు.

యూపీఐ వాడేవారు మరో చిక్కును గమనించాలి. ఫోన్‌పే, గూగుల్ పే వంటి యాప్‌లు తొలిసారి నమోదయ్యేటప్పుడు మన సిమ్ నుంచే ఒక మెసేజీ బయటికి పోతుంది, ఆ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉన్నదని బ్యాంకు నమ్మేది దానివల్లనే. విదేశానికి వెళ్లాక ఫోన్ మార్చినా, యాప్‌ను తీసివేసి మళ్లీ వేసుకున్నా ఆ మెసేజీ రోమింగ్ మీద మళ్లీ పంపవలసి వస్తుంది, అది చాలాసార్లు విఫలమవుతుంది. కొత్త ఫోన్ కొనే ఆలోచన ఉంటే ఇక్కడే కొని, యాప్‌లన్నీ అందులో నమోదు చేసుకుని బయలుదేరండి.

ప్రయాణానికి రెండు వారాల ముందు బ్యాంకు బ్రాంచికి ఒక పూట కేటాయించాలి. విదేశంలో స్థిరంగా ఉద్యోగానికి వెళ్లేవారు విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) ప్రకారం ఇక్కడి సాధారణ పొదుపు ఖాతాను, విదేశాల్లో ఉండేవారు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఎన్ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలి, అక్కడి సంపాదన పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరుచుకోవచ్చు. ఆ పనిమీద వెళ్లినప్పుడే విదేశీ నంబరును నమోదు చేసే పద్ధతి ఏమిటో, ఓటీపీ ఆ నంబరుకు కూడా వస్తుందో లేదో, ఈమెయిల్‌కు పంపే వీలున్నదో, మెసేజీ అవసరం లేకుండా బ్యాంకు యాప్‌లోనే ఆమోదించే దారి ఉన్నదో అడిగి తెలుసుకోండి. ఓటీపీ మెసేజీకి తోడు ఇతర ధ్రువీకరణ పద్ధతులకూ చోటిస్తూ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది, వాటి అమలుకు 2026 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టింది. మెసేజీ మీద ఆధారం ఎంత తగ్గితే విదేశంలో ఉన్నవారికి అంత మేలు. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్‌ఓ ఖాతాలకు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకోవడానికి 2023 జనవరిలో పది దేశాలకు అనుమతి వచ్చింది. వాటిలో అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాతో పాటు సౌదీ అరేబియా, యూఏఈ, ఒమన్, ఖతర్ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ ఆ తొలి జాబితాలో లేవు కాబట్టి అక్కడికి వెళ్లేవారు బ్యాంకులో ప్రత్యేకంగా అడగాలి. విదేశీ నంబరు కలిపినంత మాత్రాన ఇక్కడి సిమ్‌ను వదలుకోకూడదు, ఆధార్ ఓటీపీ విదేశీ నంబరుకు రాదు, ఆ ఓటీపీ లేకుండా మన దేశంలో ఎన్నో పనులు ముందుకు సాగవు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈ జాగ్రత్తలు రాయడానికి నన్ను కూర్చోబెట్టినది చెబుతాను. చాలామంది సిమ్‌ను ఇంట్లో తండ్రి ఫోన్‌లో వేసి వెళతారు. అక్కడి నుంచి "నాయినా, మెసేజొచ్చిందా, నంబరు సదువు" అని అడుగుతారు. ఆయన "ఆగు బిడ్డా, కండ్లద్దాలు పెట్టుకోనియ్యి" అని, ఒక్కొక్క అంకె కూడబలుక్కుని చదువుతాడు. డల్లాస్‌లో వేసవి మధ్యాహ్నం రెండు గంటలైతే మనకు రాత్రి పన్నెండున్నర, నిద్రమత్తులో ఉన్న మనిషి కొడుకు కోసం లేచి చదువుతున్నాడు. ఇందులో ప్రేమ తప్ప మరేమీ లేదు, అయినా ఇంతకన్నా ప్రమాదకరమైన ఏర్పాటు మరొకటి లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు వందసార్లు చెబుతున్నది. ఫోన్ మీద అడిగితే ఓటీపీ చదవాలన్న అలవాటును నెలల తరబడి మన ఇంట్లో నేర్పుతున్నది మనమే. ఒకనాడు కొడుకు ఫొటో పెట్టుకున్న వాట్సాప్ నంబరు నుంచి "నాయినా, కొత్త నంబరు, అర్జెంటు" అని మెసేజీ వస్తే, బత్తాయి తోట అమ్మిన సొమ్ము ఉన్న ఆ పెద్దాయన సొంత ఖాతా ఓటీపీని కూడా అదే నమ్మకంతో చదివేస్తాడు. అప్పుడు తప్పు ఆయనది అనడం న్యాయం కాదు.

ఇంటి ఫోన్‌లో మెసేజీలను తనంతట తానే విదేశానికి పంపే యాప్ ఒకటి వేసిపెడితే సరిపోతుందని కొందరు యువకులు అంటారు. వద్దని బతిమాలి చెబుతున్నాను. పెళ్లిపత్రిక, ట్రాఫిక్ చలానా, రైతు పథకం పేర్లతో వాట్సాప్‌లో తిరిగే, నొక్కితే యాప్‌ను ఫోన్‌లోకి ఎక్కించే ఏపీకే ఫైళ్లు ఫోన్‌లో చేరి చేసేది సరిగ్గా ఆ పనే, వచ్చిన మెసేజీలను దొంగకు చేరవేయడం. అటువంటి అనుమతిని మన చేతులతో మనం ఒక తెలియని యాప్‌కు ఇవ్వడం తలుపు తీసిపెట్టి నిద్రపోవడం వంటిది.

ఇంటి అవసరాలు తీరడానికి వేరే దారులు ఉన్నాయి. తల్లి పేరున, తండ్రి పేరున సొంత ఖాతా ఉంచి దానిలోకే నేరుగా డబ్బు పంపితే, వారు తమ కార్డుతో తామే తీసుకుంటారు, ఎవరి ఓటీపీ ఎవరికీ చదవవలసిన పని ఉండదు. అప్పు వాయిదాలకు, బీమా ప్రీమియాలకు బ్యాంకులో ముందే ఆదేశం ఇచ్చిపెట్టవచ్చు. ఎన్ఆర్ఈ ఖాతాలో ఇక్కడ ఉండే దగ్గరి బంధువును ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ (మొదటి ఖాతాదారు ఉన్నంతకాలం ఖాతా వారిదే, వారి తర్వాత రెండవవారిది) పద్ధతిలో జాయింటుగా చేర్చడానికి, ఖాతాదారు తరఫున పవర్ ఆఫ్ అటార్నీతో లావాదేవీలు నడపడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఈ కాగితాలు మీరు ఇక్కడ ఉండగా ఒకటి రెండు రోజుల పని, వెళ్లాక అయితే రాయబార కార్యాలయం చుట్టూ తిరగవలసి రావచ్చు.

వచ్చిన మెసేజీని చదివే పద్ధతి కూడా మార్చుకోవాలి. 2025 నుంచి వాణిజ్య మెసేజీలు పంపేవారి పేరు చివర ఒక ఆంగ్ల అక్షరం చేరుతున్నది. ‘టీ’ ఉంటే లావాదేవీ, ‘ఎస్’ ఉంటే సేవ, ‘పీ’ ఉంటే ప్రచారం, ‘జీ’ ఉంటే ప్రభుత్వం అని అర్థం. మామూలు పది అంకెల నంబరు నుంచి మీ ఖాతా ఆగిపోతుందని మెసేజీ వస్తే అది బ్యాంకుది కాదు. విదేశీ నంబరుకు వచ్చే వాటిలో ఈ అక్షరాలు కనిపించకపోవచ్చు కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త అవసరం. ఓటీపీ అంకెల కన్నా ముందు ఎంత మొత్తం, ఎవరికి అన్న మాటలు చదవండి. మీరు అడగకుండానే ఓటీపీ వచ్చిందంటే మీ కార్డు వివరాలు మరొకరి దగ్గర ఉన్నాయని అనుమానించి వెంటనే కార్డును ఆపివేయండి. బ్యాంకుల వెబ్‌సైట్లు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది కాబట్టి, లింకులోని వెబ్‌సైటు పేరు చివర ఆ మాట లేకపోతే ముట్టుకోవద్దు.

గల్ఫ్ క్యాంపుల్లో ఒక గదిలో ఆరుగురు, ఎనిమిది మంది ఉంటారు. ఫోన్ తెరవకుండానే ఓటీపీ కనిపించేలా ఉంచితే ఛార్జింగులో పెట్టిన ఫోన్‌ను ఎవరైనా చూడవచ్చు. లాక్ స్క్రీన్ మీద మెసేజీ సారాంశం కనిపించకుండా చేసి, సిమ్‌కు పిన్ కూడా పెట్టుకోండి. మన సిమ్‌కు ఉన్నట్టుండి సిగ్నల్ పోతే రోమింగ్ సమస్యేనని రోజుల తరబడి వదిలేయవద్దు. మన పేరున ఎవరో అదే నంబరుకు మారు (డూప్లికేట్) సిమ్ తీసుకున్నా అలాగే జరుగుతుంది. మారు సిమ్ ఇచ్చిన తర్వాత 24 గంటలపాటు దానికి మెసేజీలు ఆపాలన్న నిబంధన మన దేశంలో ఉంది, ఆ ఒక్క రోజే మనకున్న వ్యవధి. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూసుకోవచ్చు, బయలుదేరే ముందు ఒకసారి చూడండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే బ్యాంకుకు చెప్పాలి. 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు విదేశం నుంచి సాధారణంగా కలవవు, అందుకని +91తో మొదలయ్యే నంబరును బ్యాంకు వెబ్‌సైటు నుంచి ముందే రాసిపెట్టుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, బ్యాంకుదీ మనదీ కాని లోపంతో డబ్బు పోయినప్పుడు, సమాచారం అందిన తర్వాత మూడు పనిదినాల్లోగా తెలిపితే మన మీద భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత పరిమితి వరకు మనం భరించాలి. ఓటీపీని మనమే చెప్పివుంటే, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టమంతా మనదే. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఇక్కడి ఇంటివారు ఫోన్ చేయవచ్చు, విదేశంలో ఉన్నవారు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

చివరగా ఒక కాగితం రాసి పాస్‌బుక్కుల సంచిలో పెట్టండి. దాని మీద సిమ్ రీచార్జ్ గడువు తేదీ, బ్యాంకు ఫోన్ నంబరు, 1930, విదేశంలోని మీ నంబరు ఉండాలి. అడుగున పెద్ద అక్షరాలతో "నేను అడిగినా ఓటీపీ చదవొద్దు నాయినా" అని రాసి, బయలుదేరే రోజు ఉదయం ఆయన చేత ఒకసారి బయటికి చదివించండి.