తిరుపతి నుంచి ఔలుకు: వైర్‌లెస్ ఇంజినీర్లకు కొత్తలో తెలియాల్సిన సంగతులు

ఫిన్‌లాండ్‌లోని ఔలుకు ఉద్యోగం మీద వస్తున్న మన తిరుపతి, చిత్తూరు పిల్లలు ముందుగా అడిగే ప్రశ్న "అన్నా, ఏ కంపెనీ మంచిది?" అని. "నేను ఏ లేయర్‌లో పనిమంతుణ్ని కావాలి?" అన్నది దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. లేయర్ అంటే ఫోన్‌కూ టవర్‌కూ మధ్య సమాచారం నడిపే పనిలో ఒక్కో అంతస్తు. ఎందుకో ఈ ఊరి చరిత్రే చెబుతుంది. 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. ఆ ఏడాదే ఔలులోని ఫోన్ల విభాగం మూతపడింది. మోడెమ్ చిప్పులు (ఫోన్‌ను నెట్‌వర్క్‌తో మాట్లాడించేవి) చేస్తున్న బ్రాడ్‌కామ్ కూడా ఆ ఏడాదే ఆ వ్యాపారం నుంచి తప్పుకుంది. వందలమంది రేడియో ఇంజినీర్లు ఒక్కసారిగా ఖాళీ అయ్యారు. అయినా ఊరు ఖాళీ కాలేదు. అంత పని తెలిసినవాళ్లు ఒక్కచోట దొరుకుతారు కాబట్టే నార్డిక్ సెమీకండక్టర్, మీడియాటెక్ లాంటి చిప్ కంపెనీలు ఇక్కడికొచ్చి ఆఫీసులు తెరిచాయి. కంపెనీ పోయినా నిలబడగలిగింది మోడెమ్ లోపలి పని గట్టిగా తెలిసినవాళ్లే.

మనవాళ్లలో చాలామందికి లోపలికి వచ్చే దారి టెస్టింగ్. ఇంటిగ్రేషన్, వెరిఫికేషన్ అంటారు. కాల్ ఎందుకు కలవలేదు, హ్యాండోవర్ (ఫోన్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మారడం) ఎక్కడ తెగింది, లాగ్ (పరికరం తనకు తాను రాసుకునే నమోదు) చూసి చెప్పాలి. దీన్ని చిన్నచూపు చూడొద్దు. బేస్ స్టేషన్ (మొబైల్ టవర్ దగ్గరి పరికరాలు) మొత్తం ఎలా నడుస్తుందో ఇంత బాగా కనిపించే చోటు ఇంకోటి లేదు. కానీ తెల్లారితే ఆటోమేషన్ స్క్రిప్టు నడపడం, ఫెయిలైతే టికెట్ పెట్టి వేరేవాళ్ల మీదికి తోసేయడం, ఇలా ఏళ్లు గడిపితే మాత్రం నష్టపోతారు. లాగ్‌లో ఒక మెసేజ్ కనబడిన ప్రతిసారీ 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ వేదిక) స్పెసిఫికేషన్ తెరవండి. ఆర్‌ఆర్‌సీ (ఫోన్ కనెక్షన్‌ను నడిపే లేయర్) మెసేజ్ అయితే 38.331 నంబరు, మ్యాక్ (ఎవరు ఎప్పుడు పంపాలో పంచే లేయర్) అయితే 38.321, ఫిజికల్ లేయర్ (సమాచారాన్ని రేడియో సిగ్నల్‌గా మార్చే అడుగు లేయర్) అయితే 38.211 నుంచి 38.214 దాకా. అన్నీ ఉచితంగా దొరుకుతాయి. చదవడానికి మొదట్లో రాళ్లు నమిలినట్టే ఉంటుంది. ఒక్కో మెసేజ్ పట్టుకుని ఆరు నెలలు వదలకుండా చదివితే, టికెట్‌లో "ఫెయిల్ అయింది" అనే మాటకు బదులు ఏ టైమర్ అయిపోయింది, ఎవరి తప్పు అనేది రాయగలుగుతారు. అప్పుడు డెవలప్‌మెంట్ టీమే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

ఫిజికల్ లేయర్‌కు వెళ్లాలనుకుంటే లీనియర్ ఆల్జీబ్రా, డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్), సీ ప్లస్ ప్లస్ మూడూ కావాలి. ఒక్కటి తగ్గినా ఇంటర్వ్యూలో దొరికిపోతారు. ఆర్‌ఎఫ్ (రేడియో హార్డ్‌వేర్) వైపు వెళ్లేవాళ్లకు ల్యాబులో గడిపిన గంటలే అర్హత. స్పెక్ట్రమ్ ఎనలైజర్, నెట్‌వర్క్ ఎనలైజర్ ముట్టుకోకుండా పుస్తకం ఒక్కటే చదివి రావద్దు. వీఎల్‌ఎస్‌ఐ ఎంటెక్ చేసినవాళ్లు చిప్ డిజైన్ వైపు చూడండి, ఔలులో ఆ పని ఉంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన ఊరివాళ్లు తమ దగ్గరున్నదాన్ని చెప్పుకోరు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది. అక్కడి ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) వారి ఎంఎస్‌టీ రాడార్‌లో, అంటే పై వాతావరణాన్ని పరిశీలించే రాడార్‌లో, 1,024 యాగీ యాంటెన్నాలు 130 మీటర్ల చదరంలో బారులు తీరి ఉంటాయి. పనిచేసేది 53 మెగాహెర్ట్జ్‌లో, అంటే తరంగదైర్ఘ్యం ఐదున్నర మీటర్లకు పైనే. ఒక్క యాంటెన్నా కూడా కదలదు. వాటికిచ్చే సిగ్నళ్ల ఫేజ్ (తరంగం ముందువెనకలు) మార్చి బీమ్‌ను (ఒకవైపు గురిపెట్టిన తరంగాల ధారను) ఆకాశంలో కావాల్సిన వైపు వంచుతారు. 5జీ మాసివ్ మిమోలో, అంటే ఒకే ప్యానెల్‌లో చాలా యాంటెన్నాలు వాడే పద్ధతిలో, జరిగేదీ ఈ ఫేజ్‌ల లెక్కే. 3.5 గిగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 9 సెంటీమీటర్ల లోపే కాబట్టి యాంటెన్నాల బారు మొత్తం స్తంభానికి తగిలించే ప్యానెల్‌లో ఇమిడిపోతుంది. ఇంటర్వ్యూలో బీమ్‌ఫార్మింగ్ (ఇలా బీమ్‌ను మలచడం) గురించి అడిగితే గాదంకి నుంచి మొదలుపెట్టండి. తరంగదైర్ఘ్యం, యాంటెన్నాల మధ్య దూరం, గ్రేటింగ్ లోబ్స్ (ఆ దూరం ఎక్కువైతే పక్కలకు పుట్టే అనవసరపు బీమ్‌లు), అన్నీ వరసగా వచ్చేస్తాయి. బట్టీ పట్టిన జవాబుకూ చూసి తెలుసుకున్న జవాబుకూ తేడా ఇక్కడివాళ్లకు వెంటనే తెలుస్తుంది.

వచ్చే సమయం కూడా మంచిదే. ఔలు విశ్వవిద్యాలయంలో 6జీ ఫ్లాగ్‌షిప్ పరిశోధన కార్యక్రమం 2018లోనే మొదలైంది. 3జీపీపీలో 6జీ అధ్యయనం రిలీజ్ 20లో (ప్రమాణాల ఒక్కో విడతను రిలీజ్ అంటారు), మొదటి స్పెసిఫికేషన్లు రిలీజ్ 21లో. ప్రమాణం పుడుతున్నప్పుడే అందులో పని నేర్చుకునే అవకాశం దాదాపు పదేళ్లకొకసారి వస్తుంది. మీ పనిలో కొత్త ఆలోచన తడితే కంపెనీకి రాతపూర్వకంగా ఇన్వెన్షన్ రిపోర్ట్ ఇవ్వండి. ఉద్యోగి ఆవిష్కరణకు తగిన ప్రతిఫలం ఇవ్వాలని ఇక్కడ 1967 నుంచీ చట్టం ఉంది.

ఆఫీసులో "సార్" అనకండి, మేనేజర్‌నైనా పేరు పెట్టే పిలుస్తారు. మీటింగులో ఎవరూ మాట్లాడకుండా కూర్చుంటే కోపమొచ్చిందనుకుని మన పిల్లలు కంగారు పడుతుంటారు. వాళ్లు ఆలోచిస్తున్నారంతే. మీరు కూడా ఆలోచించుకోండి, ఏదో ఒకటి మాట్లాడి ఆ ఖాళీ నింపొద్దు. శుక్రవారానికి అవుతుందా అని అడిగితే, కాదనిపిస్తే కాదనే చెప్పండి. పెద్దవాళ్ల ముందు కాదనకూడదనే మన మర్యాద ఇక్కడ మీకే చేటు చేస్తుంది. సరే అని చెప్పి శుక్రవారం చేయలేకపోతే నమ్మకం పోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి చాలా కాలం పడుతుంది.

కాగితాల సంగతి తిరుపతిలో ఉండగానే చూసుకోవాలి. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా యూనివర్సిటీ నుంచి ఒరిజినల్ డిగ్రీ పట్టా తెచ్చుకోండి. పెళ్లయినవాళ్లకు అసలు చిక్కు మ్యారేజ్ సర్టిఫికెట్. కొండ మీదో, ఊళ్లో గుళ్లోనో పెళ్లి చేసుకుని రిజిస్ట్రేషన్ మాటే మరిచిపోయినవాళ్లు చాలామంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించి, ఆ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించుకోండి. పిల్లల బర్త్ సర్టిఫికెట్లకూ అంతే. ఇక్కడికొచ్చాక ఆ పని చిత్తూరులో ఉన్న నాన్నతో చేయించడం, పాపం ఆయనకు నరకం. కుటుంబ పర్మిట్ మీద వచ్చిన భార్యకు గాని భర్తకు గాని ఇక్కడ ఉద్యోగం చేసుకునే హక్కు ఉంటుంది. వాళ్ల సర్టిఫికెట్లు కూడా మీవాటితో సమానంగా సిద్ధం చేయండి.

దిగిన వారంలోనే గుర్తింపు సంఖ్య, ట్యాక్స్ కార్డు (జీతంలో ఎంత శాతం పన్ను పట్టాలో రాసి ఉండేది) చూసుకోవాలి. ట్యాక్స్ కార్డు ఇవ్వకపోతే యజమాని జీతంలో 60 శాతం పన్నుగా పట్టుకుంటాడు. తర్వాత తిరిగొస్తుంది గాని మొదటి నెల అద్దె, డిపాజిట్ కట్టే సమయానికి చేతిలో డబ్బుండదు. ఆ వెంటనే బ్యాంకు ఖాతా. బ్యాంకు ఇచ్చే ఆన్‌లైన్ గుర్తింపు లేకపోతే ఆస్పత్రి అపాయింట్‌మెంట్ నుంచి ఫోన్ కనెక్షన్ దాకా అన్నీ ఆగుతాయి.

అమ్మ కట్టిచ్చే నెయ్యి డబ్బా, పాలకోవా యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. పాలు, మాంసంతో చేసినవి కస్టమ్స్‌లో తీసుకుంటారు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరవు. ఊరగాయ, కరివేపాకు పొడి, సంగటికి రాగిపిండి తెచ్చుకోండి.

చలికాలం గురించి అందరూ చెబుతారు కాబట్టి క్లుప్తంగా. డిసెంబరులో పగటి వెలుగు మూడున్నర గంటలే, మైనస్ 20 మామూలే. డాక్టరును అడిగి విటమిన్ డి వేసుకోండి. మంచు మీద జారని మేకుల బూట్లు, కోటుకు రిఫ్లెక్టర్ కొనుక్కోండి. చీకట్లో కారు నడిపేవాళ్లకు మీరు కనబడాలి. మధ్యాహ్నం వెలుగున్నప్పుడు పది నిమిషాలైనా బయట తిరగండి. నవంబరులో ఏ కారణమూ లేకుండా దిగులుగా ఉంటే దాచుకోవద్దు, కంపెనీ ఏర్పాటు చేసిన డాక్టర్‌కు చెప్పండి.

ఇక మొదటి జీతం రాగానే చేయాల్సింది ఒకటుంది. ఇంజినీర్ల యూనియన్‌లో, దాంతోపాటు నిరుద్యోగ నిధిలో చేరండి. నిధిలో సభ్యులై 12 నెలల పని నిండినవాళ్లకే జీతాన్నిబట్టి లెక్కగట్టే భృతి వస్తుంది. ఈ రంగంలో ఉద్యోగాల కోతలు వస్తూనే ఉంటాయి. ఉద్యోగం పోతే వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు కొత్తది వెతుక్కునేందుకు మామూలుగా 3 నెలలు, స్పెషలిస్టు పర్మిట్ ఉన్నవాళ్లకు 6 నెలలు గడువుంటుంది. నిబంధనలు మారుతుంటాయి, మీ పర్మిట్ ఏ రకమో ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఏడాదికోసారి సరిచూసుకోండి. కోతల చర్చలు మొదలయ్యాయని మెయిల్ వస్తే ఏ కాగితం మీదా వెంటనే సంతకం పెట్టొద్దు. ముందు యూనియన్ న్యాయవాదికి ఫోన్ చేయండి, సభ్యులకు ఆ సలహా ఉచితం.