తిరిగే ఎలక్ట్రాన్లతో మైక్రోవేవ్ – 3వ పాఠం: ఎలక్ట్రాన్ చక్రం ఆకులు ఎందుకు చెదురుతాయి?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో రిపేరు షాపుకెళ్లి, పాత ఓవెన్ నుంచి ఊడదీసి పక్కన పడేసిన మాగ్నెట్రాన్ (మైక్రోవేవ్‌లు పుట్టించే గొట్టం) ఒకటి అడిగి తెచ్చుకోండి. ఓవెన్ మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్ పీకేసినా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండొచ్చు. మాగ్నెట్రాన్ సిరామిక్‌నూ పగలగొట్టొద్దు. కొన్నిట్లో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం.

మధ్యలో వేడెక్కి ఎలక్ట్రాన్లు వదిలే తీగ, అదే ఫిలమెంటు; చుట్టూ వాటిని లాగే రాగి ఆనోడ్, అందులో సాధారణంగా 10 గదులు. ఆనోడ్ బాడీకే కలిసి ఉంటుంది. ఫిలమెంటు దానికన్నా సుమారు 4,000 వోల్టులు నెగటివ్. అయస్కాంతం లేకపోతే ఎలక్ట్రాన్లు తిన్నగా ఆనోడ్‌కి తగిలి వేడి పుట్టిస్తాయి, అంతే. పైనా కిందా ఉన్న ఫెరైట్ అయస్కాంత రింగులు వాటిని పక్కకి తిప్పి ఫిలమెంటు చుట్టూ పరిగెత్తిస్తాయి. పక్కపక్క గదులు ఎదురెదురు దశల్లో కంపిస్తాయి కనుక, ఆ ఎలక్ట్రాన్ మబ్బు బండి చక్రంలా, రెండు గదులకు ఒకటి చొప్పున, 5 ఆకులుగా విడిపోతుంది. ఓవెన్ ఫ్రీక్వెన్సీ సెకనుకి 245 కోట్ల కంపనాలు. దాన్ని 5తో భాగించండి: చక్రం సెకనుకి 49 కోట్ల చుట్లు తిరగాలి. ఫ్రీక్వెన్సీని నిర్ణయించేది గదుల కొలతలే. వోల్టేజీ, అయస్కాంతం కలిసి ఆకుల వేగాన్ని దానికి సరిపెడతాయి.

అయస్కాంతం ఎంత వోల్టేజీ వరకు ఎలక్ట్రాన్లను ఆనోడ్‌కి చేరకుండా ఆపగలదో 1921లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ హల్ లెక్క కట్టాడు. ఆ హద్దు అయస్కాంత క్షేత్రం వర్గాన్ని బట్టి మారుతుంది. రింగు పగిలి క్షేత్రం 30 శాతం తగ్గితే హద్దు 49 శాతానికి పడిపోతుంది. అందుకే రింగుల్లో సన్నని పగులు కూడా వెతకాలి.

ఇక ఫిలమెంటు. 3.3 వోల్టులు, సుమారు 10 ఆంపియర్లు. కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఫిలమెంటు పిన్నులకు తగిలించే క్లిప్పులు తుప్పు పట్టి 0.1 ఓమ్ నిరోధం చేరిందనుకోండి, దాదాపు 1 వోల్టు అక్కడే పోతుంది. ఫిలమెంటు చల్లబడి, ఎలక్ట్రాన్లు చాలక, ఆకులు నిలకడగా కట్టవు. కంపనం వేరే ఫ్రీక్వెన్సీకి దూకుతుంది. ఇంత చిన్న నిరోధం మామూలు మల్టీమీటరుకి అందదు. షాపులో క్లిప్పు రంగు చూడమనండి: నల్లగా మాడి వదులైతే అదే దోషం.

మల్టీమీటరుతో రెండు పరీక్షలు. ఫిలమెంటు పిన్నుల మధ్య 1 ఓమ్ లోపు రావాలి. ముందు ప్రోబులు రెండూ తాకించి వచ్చిన విలువ తీసేయండి. పిన్నుకీ బాడీకీ మధ్య కలయిక ఏమీ చూపకూడదు (అనంత నిరోధం, అంటే OL రావాలి). చూపితే ఫిలమెంటు వాలి ఆనోడ్‌కి తగిలింది, లేదా పిన్నుల దగ్గరి కెపాసిటర్ పోయింది.

అభ్యాసం: గదులు 12 అయితే అదే ఫ్రీక్వెన్సీకి చక్రం సెకనుకి ఎన్ని చుట్లు తిరగాలి?