చేతికొచ్చిన పాత బాస్ రాడ్ దేనికి పనికొస్తుంది?

అమెరికాలో ఎవరైనా తమ పాత బాస్ రాడ్ (బాస్ అనే చేపను పట్టే గాలం కర్ర) ఇస్తే, రీల్ (దారం చుట్టే చక్రం) కొనేముందు హ్యాండిల్‌కి కాస్త పైన ఉన్న అక్షరాలు చదవండి. పవర్ (రాడ్ ఎంత గట్టిది), యాక్షన్ (ఎంతమేర వంగుతుంది), ఎర బరువు, దారం బలం అక్కడే ఉంటాయి. చెరిగిపోతే కొనను మెల్లగా వంచి చూడండి: పై మూడో వంతే వంగితే ఫాస్ట్, సగం దాకా వంగితే మోడరేట్. పిడి కింద వేలు పట్టే ట్రిగ్గర్ ఉంటే అది రాడ్ పైన కూర్చునే బెయిట్‌కాస్టింగ్ లాంటి రీల్‌కి.

7 అడుగుల మీడియం హెవీ (పవర్ కాస్త ఎక్కువ) ఫాస్ట్ రాడ్‌ని టెక్సాస్ రిగ్‌కి (గాలం మొనను మెత్తటి ప్లాస్టిక్ ఎరలో దాచి కట్టే పద్ధతి), జిగ్‌కి (తల దగ్గర బరువుండే గాలం) ఉంచండి. లావు గాలం దవడలో దిగాలంటే ఆ గట్టిదనం కావాలి. మెత్తగా వంగే పాత ఫైబర్‌గ్లాస్ రాడ్‌ని మాత్రం పారేయకండి, క్రాంక్‌బెయిట్‌కి (లాగితే నీటిలో మునిగి ఈదే గట్టి చేప బొమ్మ ఎర) అది బంగారం! ఆ ఎరకుండే మూడు ముళ్ల గాలాలు సన్నవి. గట్టి రాడ్‌తో లాగితే నోరు చిరిగి చేప జారిపోతుంది.

ప్రతి గైడ్‌లోనూ (రాడ్ మీద దారం వెళ్లే రింగు) దూది పుల్ల తిప్పండి. పోగు చిక్కితే లోపలి రింగు పగిలినట్టే, దారాన్ని కోసేస్తుంది. కొన గైడ్ అయితే లోహపు గొట్టాన్ని లైటర్‌తో కొద్దిగా వేడిచేసి లాగేసి, కొత్తది హాట్ గ్లూతో అతికించండి. మంట రాడ్‌కి తగలకూడదు, గ్రాఫైట్ బలహీనపడుతుంది.

ఊరికి తెచ్చుకుంటే అదే మీడియం హెవీకి 40 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), రబ్బరు కప్ప ఎర కట్టండి. గుర్రపుడెక్క మధ్య కొర్రమీనుకి చక్కగా సరిపోతుంది.