పంచుకున్న ఇంట్లో డే కేర్ నడిపేవారు పన్ను రిటర్నులో ఖర్చులు చూపే పద్ధతి

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మియాపూర్ వంటి చోట్ల ఇండిపెండెంట్ ఇంటి కింది భాగాన్ని ఇద్దరు కలిసి అద్దెకు తీసుకుని, పగలు ఒకరు డే కేర్, సాయంత్రం మరొకరు సంగీతం క్లాసు నడుపుకోవడం మామూలే. అద్దె పంచుకోవడంలో రాని చిక్కు రిటర్ను వేసే రోజున వస్తుంది. ఎవరి వాటా ఎంత అన్నది అప్పటిదాకా ఎవరూ కాగితం మీద పెట్టి ఉండరు.

ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 44ఏడీ కింద అంచనా లాభం చూపే పద్ధతిని ఎంచుకుంటే, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చిన ఫీజుల మీద 6 శాతాన్ని, నగదు మీద 8 శాతాన్ని కనీస లాభంగా చూపాలి. అక్కడ అద్దె, జీతాలు, తరుగుదల (వాడకంతో వస్తువుల విలువ తగ్గే మేరకు ఏటా ఇచ్చే మినహాయింపు) అన్నీ ఇచ్చేసినట్టే లెక్క కనుక విడిగా ఏ ఖర్చూ అడగడానికి వీలుండదు. ఆ పద్ధతిలోకి వెళ్లి ఐదేళ్లలోపు బయటికి వస్తే, తర్వాతి ఐదేళ్లు మళ్లీ అందులోకి వెళ్లలేరు. అందుకని నిజంగా మిగిలింది అంతకన్నా తక్కువైనప్పుడో, నష్టాన్ని రాబోయే సంవత్సరాలకు తీసుకెళ్లాలనుకున్నప్పుడో మాత్రమే అసలు ఖర్చుల దారి పట్టడం మంచిదని నా అభిప్రాయం. ఆ దారిలో ఐటీఆర్-3 అనే రిటర్ను ఫారం వేయాలి.

అసలు ఖర్చులు చూపేవారికి మూల సూత్రం సెక్షన్ 37లో ఉంది: ఖర్చు పూర్తిగా వ్యాపారం కోసమే అయి ఉండాలి, సొంత ఖర్చు కాకూడదు. అద్దె సంగతి సెక్షన్ 30 చెబుతుంది. అదే ఇంట్లో మీరు కాపురం కూడా ఉంటే, వ్యాపారానికి వాడిన భాగం మేరకే అద్దె చెల్లుతుందని సెక్షన్ 38 చెబుతుంది. సొంత ఇల్లయితే మీకు మీరే అద్దె కట్టినట్టు రాయడం కుదరదు. మరమ్మతులు, ఆస్తి పన్ను వంటివాటిలో ఆ భాగానికి వచ్చేదే తీసుకోవాలి. (ఇవి 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ సంఖ్యలు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో అవి మారాయి.)

వాటా తేల్చడానికి స్థలాన్నీ గంటలనూ కలిపి చూడాలి. 1,200 చదరపు అడుగుల ఇంటికి నెలకు 30,000 రూపాయల అద్దె అనుకుందాం. పిల్లలు పడుకునే, ఆడుకునే గదులు 600 అడుగులైతే ఆ 15,000 మొత్తం డే కేర్‌దే. సంగీతం గది 300 అడుగులు పూర్తిగా సంగీతం క్లాసు వారిదే. మిగిలిన 300 అడుగుల హాలు, వంటగది ఇద్దరూ వాడతారు. డే కేర్ 9 గంటలు, సంగీతం 3 గంటలు వాడితే ఆ 7,500లో నాలుగింట మూడు వంతులు, అంటే 5,625 డే కేర్‌కు వస్తుంది. మొత్తం మీ వాటా 20,625. ఇంటాయనకు 30,000 మీ ఖాతా నుంచే వెళ్లినా, అవతలివారు తిరిగి ఇచ్చిన 9,375 తీసేసి మిగిలిందే మీ ఖర్చు. నేను మొదటి ఏడాది మొత్తం అద్దె నా పేరున రాసుకుని, తర్వాత దిద్దుకోవలసి వచ్చింది. కరెంటు బిల్లుకూ ఇదే లెక్క సరిపోతుంది, కానీ ఏసీ ఎవరి గదిలో నడుస్తోందో చూసుకోవాలి.

ఈ లెక్కను ఏడాది మొదట్లోనే ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకాలు చేయండి, రెంటల్ అగ్రిమెంట్‌లో రెండు పేర్లూ ఉండేలా అడగండి.

పాలు, పండ్లు, డైపర్లు, ఫినాయిల్, ఆయా జీతం సులువే. మీ బిడ్డ కూడా అక్కడే తింటూ ఉంటే ఆ వంతు తీసేయడం మరవకండి. ఊయలలు, బల్లలు వంటి ఫర్నిచర్‌ను కొన్న ఏడాదే మొత్తం ఖర్చుగా రాయకూడదు. ఏటా 10 శాతం తరుగుదల వస్తుంది, ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. ఇద్దరి డబ్బుతో కొన్నదైతే మీరు పెట్టిన మొత్తం మీద మాత్రమే తరుగుదల వస్తుంది.

అన్నిటికన్నా బాధ కలిగించేది నగదు. ఒక మనిషికి ఒకే రోజున 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే, నిజంగా పెట్టిన ఖర్చయినా మొత్తం చెల్లకుండా పోతుంది. ఇంటాయన నగదే కావాలని పట్టుబట్టినా ఒప్పుకోకండి. అద్దె, ఆయా జీతం బ్యాంకు ద్వారానే పంపి, నెలాఖరున రశీదులతో పాటు ఆ స్టేట్‌మెంట్‌ను కూడా ఒకే ఫైల్‌లో పెట్టుకోండి.