నిద్ర కోసం మూలికల జోలికి వెళ్ళే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వరుసగా నాలుగైదు రాత్రులు కంటి మీద కునుకు లేని మనిషి, తెల్లవారుజామున రెండు గంటలకు తీసుకునే నిర్ణయాలు సాధారణంగా మంచివి కావు. ఆ వేళకు ఓపిక నశించి, విచక్షణ మందగించి ఉంటుంది. "పూర్తిగా సహజం, దుష్ఫలితాలు లేవు" అని రాసివున్న సీసా ఏది కనబడినా ఆపద్బాంధవుడిలాగే తోస్తుంది. అందుచేత మొట్టమొదట పాటించవలసిన జాగ్రత్త వేళకు సంబంధించినది. నిద్ర కోసం ఏ కొత్త మందునైనా, పద్ధతినైనా ఎంచుకోవడం పగటిపూట, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు, వీలైతే ఇంట్లో మరొకరితో మాట్లాడిన తరువాత జరగాలి.

సహజం అన్న మాట ఒక పదార్థం ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది తప్ప, శరీరంలోకి వెళ్ళాక అది ఏం చేస్తుందో చెప్పదు. నల్లమందు కూడా మొక్కనుంచి వచ్చేదే. అదే మొక్క గింజలైన గసగసాలను శుభ్రం చేయకుండా నానబెట్టి, ఆ నీటిని తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. మన ఆహారంలో సహజంగానే ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని నిద్ర కోసం మాత్రల రూపంలో వాడినప్పుడు, 1989లో అమెరికాలో 1500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పులతో కూడిన జబ్బు బారిన పడ్డారు, కనీసం 37 మంది మరణించారు. ఒకే తయారీదారు నుంచి వచ్చిన సరుకుతో ఆ జబ్బుకు సంబంధం ఉన్నట్లు తరువాత తేలింది. మనసును శాంతపరుస్తుందని పేరుపొందిన కావా అనే వేరు కాలేయాన్ని దెబ్బతీస్తుందన్న ఆందోళనతో 2002లో జర్మనీ దాని అమ్మకాన్ని నిలిపివేసింది. అశ్వగంధ పట్ల చాలామందికి ఉన్న గౌరవం నాకూ ఉంది. అయినప్పటికీ, దానిని వాడినవారిలో కొందరికి కామెర్లతో కూడిన కాలేయ సమస్య వచ్చినట్లు వైద్య నివేదికలు ఉన్నాయన్నదీ, అది థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదన్నదీ తెలుసుకోకుండా మొదలుపెట్టడం మంచిది కాదు. గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, థైరాయిడ్‌కు మందులు వాడుతున్నవారు దానికి దూరంగా ఉండాలి.

ఇక నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలియకుండా మందు వాడటం, కప్పు కారుతున్నచోట కింద గిన్నె పెట్టుకోవడం లాంటిది. పెద్దగా గురక పెట్టేవారికి మధ్యమధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై మెలకువ వస్తుంటే, పగలంతా కూర్చున్నచోటే జోగుతుంటే, అది స్లీప్ ఆప్నియా కావచ్చు. అటువంటివారు మత్తు కలిగించేది ఏది తీసుకున్నా గొంతు కండరాలు మరింత సడలి, ఊపిరి ఆగే సమయం పెరిగే ప్రమాదం ఉంది. ఈ సంగతి నిద్రపోయే మనిషికి తెలియదు కాబట్టి, పక్కన పడుకునేవారిని అడగడం తప్పనిసరి. సాయంత్రం కాగానే కాళ్ళలో ఏదో పాకుతున్నట్లు ఉండి, కదిపితే తప్ప ఉపశమనం కలగకపోతే, రక్తంలో ఇనుము నిల్వలు తగ్గాయేమో పరీక్ష చేయించుకోవాలి. నిద్ర బాగానే పట్టి, తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఆ గంటలో బతుకు మీద విరక్తి కమ్ముకొస్తుంటే అది డిప్రెషన్ లక్షణం కావచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నట్లయితే ఏ మూలిక కోసమూ ఆగకుండా అదే రోజు వైద్య సహాయం తీసుకోవాలి. స్టెరాయిడ్లు, ముక్కు దిబ్బడకు వాడే కొన్ని మాత్రలు, సాయంత్రం వేసుకునే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు కూడా నిద్రను పాడుచేస్తాయి. అలాంటప్పుడు కొత్త మందు అవసరం లేకుండానే, ఉన్న మందు వేసుకునే వేళ మార్చమని డాక్టరును అడిగితే సరిపోవచ్చు.

కాబట్టి ఏదైనా మొదలుపెట్టడానికి ముందు రెండు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో పడుకున్న వేళ, నిద్ర పట్టినట్లు అనిపించిన వేళ, మధ్యలో లేచిన సార్లు, పగటి కునుకులు, కాఫీ టీలు రాసుకోవాలి. అంచనాగా రాస్తే చాలు, రాత్రిపూట గడియారం చూస్తూ రాయకూడదు. చేతి గడియారాలు చూపే నిద్ర మార్కుల కోసం తాపత్రయపడి, ఆ తాపత్రయంతోనే నిద్ర పోగొట్టుకునేవారికి 2017లో వైద్యులు ఆర్థోసోమ్నియా అని ఒక పేరే పెట్టవలసివచ్చింది.

అన్నింటికంటె ఎక్కువ ప్రమాదం పాత మందూ కొత్త మూలికా కలిసేచోట ఉంది. ఇప్పటికే నిద్రమాత్రలు వాడుతున్నవారు "ఇక సహజంగా నిద్రపోతాను" అని సంకల్పించుకుని వాటిని ఒక్కసారిగా మానేయకూడదు. బెంజోడయాజిపైన్ తరగతి మాత్రలను చాలాకాలం వాడి అకస్మాత్తుగా ఆపితే తీవ్రమైన ఆందోళన, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ రావచ్చు. వాటిని డాక్టరు పర్యవేక్షణలో వారాలు, అవసరమైతే నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. అలాగని వాటిని వేసుకుంటూనే పైనుంచి వలేరియన్ వంటి మత్తు మూలికను కలపడమూ తగదు. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కాలేయంలో మందులను కరిగించే ఎంజైములను అది చురుకుగా చేస్తుంది కనుక గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబరిచే వార్ఫరిన్, అవయవ మార్పిడి తరువాత వాడే సైక్లోస్పోరిన్, హెచ్‌ఐవీ మందులు కొన్ని పనిచేయవలసినంతగా పనిచేయవు. సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని పెంచే డిప్రెషన్ మాత్రలతో కలిస్తే ప్రాణాంతకమూ కావచ్చు. నిరపాయమని అందరూ భావించే మెగ్నీషియం సైతం మూత్రపిండాలు సరిగా పనిచేయనివారి రక్తంలో పేరుకుపోతుంది, కొన్ని యాంటీబయాటిక్‌లనూ థైరాయిడ్ మాత్రనూ ఒంటికి పట్టనివ్వదు. ఆపరేషన్ చేయించుకోబోయేవారు తాము వాడే మూలికలన్నింటినీ మత్తు డాక్టరుకు ముందుగానే చెప్పాలి. సాధారణంగా వాటిని రెండు వారాల ముందే ఆపమంటారు. "ఏం మందులు వాడుతున్నారు?" అని డాక్టరు అడిగినప్పుడు మూలికల పేర్లు చెప్పకపోవడం మనలో చాలామంది చేసే పొరపాటు, ఎందుకంటే మన దృష్టిలో అవి మందులే కావు.

మెలటోనిన్ సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. మెదడులోని పీనియల్ గ్రంథి చీకటి పడినప్పుడు విడుదల చేసే ఈ హార్మోను, శరీరానికి రాత్రి అయిందని తెలిపే సంకేతమే గాని మత్తుమందు కాదు. దూరదేశ ప్రయాణం తరువాత వేళలు తారుమారైనప్పుడు, శరీర గడియారం బాగా ఆలస్యంగా నడిచేవారికి అది ఉపయోగపడుతుంది. మామూలు నిద్రలేమికి మాత్రం మెలటోనిన్‌నూ వలేరియన్‌నూ వాడవద్దనే అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లో సూచించింది. బ్రిటన్‌లో దానికి డాక్టరు చీటీ ఉండాలి, అమెరికాలో ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా కొన్న సీసా మీద రాసినంత మోతాదే లోపల ఉంటుందన్న నమ్మకమూ లేదు: కెనడాలో 31 రకాల మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షించగా, కొన్నింటిలో చెప్పినదానికంటె 83 శాతం తక్కువ, మరికొన్నింటిలో 478 శాతం వరకు ఎక్కువ ఉన్నట్లు 2017లో బయటపడింది, నాలుగోవంతు ఉత్పత్తులలో సెరటోనిన్ కూడా కలిసి ఉంది. నమూనాలను స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షించినట్లు ముద్ర ఉన్న సరుకునే, తక్కువ మోతాదులోనే, డాక్టరు చెప్పిన వేళకే తీసుకోవాలి. మిఠాయి బిళ్ళల్లా ఉండే రకాలను పిల్లల చేతికి అందనివ్వకూడదు.

నిద్ర కోసం మద్యం తాగేవారు ఒక విషయం గమనించాలి. అది త్వరగా కళ్ళు మూయించినా, ప్రభావం దిగిపోయే రాత్రి రెండో సగంనుంచి నిద్రను ముక్కలు చేస్తుంది. పైగా మత్తు మూలికలతో, మాత్రలతో అది కలవనే కూడదు. కాఫీ, టీలలో ఉండే కెఫీన్ తాగిన అయిదారు గంటల తరువాత కూడా సగం మోతాదు రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, గర్భిణులలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. మధ్యాహ్నం తరువాత దానిని మానిన రెండు వారాలకూ తేడా కనబడకపోతేనే మిగతావాటి గురించి ఆలోచించవచ్చు.

ఏ పదార్థమూ మింగకుండా చేసే పద్ధతులకు సైతం తమతమ హెచ్చరికలు ఉన్నాయి. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రలకంటె ముందుగా ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే సీబీటీ-ఐ అనే చికిత్స చేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లోనే సిఫారసు చేసింది, నా అభిప్రాయమూ అదే. అయితే అందులో భాగమైన పడక సమయాన్ని కుదించే పద్ధతి మొదటి వారాల్లో పగటి మత్తును పెంచుతుంది. పడక మీద గడిపే సమయాన్ని అయిదు గంటలకంటె తగ్గించకూడదు. మూర్ఛ ఉన్నవారు, బైపోలార్ జబ్బు ఉన్నవారు దానిని సొంతంగా ప్రయత్నించనే కూడదు, ఎందుకంటే నిద్ర తగ్గడమే వారికి ఫిట్స్‌నూ ఉన్మాదాన్నీ రేపవచ్చు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి దిగిపోతుందని 1997లో ఒక పరిశోధన చూపింది కాబట్టి, డ్రైవర్లు, యంత్రాల మీద పనిచేసేవారు ఆ వారాల్లో సెలవు పెట్టుకోవడం ఉత్తమం. ధ్యానం, శ్వాస సాధనల వల్ల కొందరికి ఆందోళన తగ్గడానికి బదులు పెరుగుతుంది. గతంలో తీవ్రమైన దెబ్బ తిన్న మనసుకు కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చోవడమే భయం కలిగించవచ్చు. అటువంటివారు కళ్ళు తెరిచే, తక్కువసేపు, తోడుగా ఒకరు ఉండగా చేయాలి. వేగంగా ఊపిరి పీల్చి వదిలే సాధనలు తల తిప్పుతాయి కాబట్టి పడుకోబోయే ముందు వద్దు, నీళ్ళలో అసలే వద్దు. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు గోరువెచ్చటి నీటి స్నానం మేలు చేస్తుంది గాని, బీపీ తక్కువగా ఉన్న వృద్ధులు తొట్టిలోంచి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. సుగంధ తైలాలను లోపలికి తీసుకోకూడదు.

ఏదైనా సరే, ఒక్కసారి ఒక్కటే మొదలుపెట్టండి. మొదలుపెట్టిన తేదీ, మోతాదు పుస్తకంలో రాయండి. నాలుగు వారాలైనా మార్పు లేకపోతే దానిని ఆపి, మూడు నెలలుగా వారంలో మూడు రాత్రులైనా నిద్ర చెడుతున్నట్లయితే నిద్ర వైద్యులను సంప్రదించండి. కళ్ళు పసుపుపచ్చగా మారినా, మూత్రం ముదురు రంగులోకి తిరిగినా, కారణం లేకుండా ఒళ్ళంతా దురద పెట్టినా, గుండె దడ తగ్గకపోయినా వాడుతున్న మూలికను అదే పూట ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు సీసాను, దాని పెట్టెను, మీరు రాసుకున్న పుస్తకాన్ని వెంట తీసుకెళ్ళండి. ఏమేం కలిపి తయారుచేశారో ఆ పెట్టె మీద చదివితేనే డాక్టరుకు పని సులువవుతుంది.