నడుము కొలతతో ఇన్సులిన్ నిరోధకతను ముందే పసిగట్టడం ఎలా?

బరువు అదుపులోనే ఉంది కనుక షుగర్ గురించి, గుండె గురించి బెంగ అక్కరలేదని అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో తమ శరీరాలనే పోల్చి చూపారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకె) 22.3 అయినా యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం ఉంది. రక్తంలోని షుగర్‌ను అదుపు చేసే ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినకపోవడమే ఇన్సులిన్ నిరోధకత. దానిని ముందే పసిగట్టాలంటే తూకంతో సరిపెట్టుకోకుండా టేపు కూడా చేతిలోకి తీసుకోవాలి.

ఉదయం ఏమీ తినకముందు నిటారుగా నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడుమ టేపును నేలకు సమాంతరంగా చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. ప్యాంటు సైజును నమ్మవద్దు. పొట్ట కిందుగా కట్టుకునే ప్యాంటు సైజు ఏళ్ల తరబడి మారకపోయినా పొట్ట పెరుగుతూనే ఉండవచ్చు. మన దేశస్థులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

పొట్ట లోపలి కొవ్వు ఊరికే నిల్వ ఉండే సరుకు కాదు, అది హార్మోన్లను విడుదల చేసే అవయవం. 1994లో గుర్తించిన లెప్టిన్ అనే హార్మోన్ ఇక తిన్నది చాలని మెదడుకు చెబుతుంది. కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ కూడా పెరుగుతుంది కానీ మెదడు దాని మాట వినడం మానేస్తుంది, పైగా అది రక్తపోటు పెరగడానికి దోహదం చేస్తుంది. కండరాలలో, కాలేయంలో ఇన్సులిన్ పని సాఫీగా సాగేలా చూస్తూ రక్తనాళాల గోడలను కాపాడే అడిపోనెక్టిన్ అనే మరో హార్మోన్ మాత్రం, విచిత్రంగా, కొవ్వు పెరిగినకొద్దీ తగ్గిపోతుంది. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. ఉబ్బిన కొవ్వు కణాలు వాపును రేపే పదార్థాలనూ, కొవ్వు ఆమ్లాలనూ వదులుతాయి. అవి కాలేయానికి చేరడంతో అది ఇన్సులిన్ ఆదేశాన్ని లెక్కచేయక గ్లూకోజునూ, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వునూ అధికంగా తయారుచేస్తుంది. క్లోమం మరింత ఇన్సులిన్ స్రవించి కొన్నేళ్లపాటు లోటును పూడుస్తుంది కాబట్టి, షుగర్ పరీక్ష మామూలుగానే ఉన్న ఆ కాలంలోనే గుండె రక్తనాళాలలో కొవ్వు పేరుకోవడం మొదలు కావచ్చు.

ఈ హార్మోన్లకు విడిగా పరీక్షలు చేయించుకోనక్కరలేదు, సాధారణ రిపోర్టే చాలు. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా అంతకు మించి ఉండడం, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) పురుషులలో 40 కంటే, స్త్రీలలో 50 కంటే తక్కువ ఉండడం, పరగడుపు షుగర్ 100కు, రక్తపోటు 130/85కు చేరడం, నడుము హద్దు దాటడం అనే ఐదింటిలో మూడు కనిపిస్తే దానిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. అప్పుడు వైద్యుని కలవడం ఆలస్యం చేయకూడదు.

శరీర బరువులో 5 నుంచి 7 శాతం తగ్గినా ఇన్సులిన్ పనితీరు గమనించదగినంత మెరుగుపడుతుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచడం, తీపి పానీయాలు మానడం, చాలినంత నిద్ర ముఖ్యం. భోజనం కాగానే పది నిమిషాలు నడిస్తే కండరాలే గ్లూకోజును లాక్కుంటాయి. షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడుతున్నవారు మాత్రం వైద్యుని అడగకుండా భోజనం తగ్గించకూడదు, షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. నెలకోసారి అదే చోట, అదే పద్ధతిలో నడుము కొలిచి రాసిపెట్టుకోండి, మూడు నెలల తర్వాత రక్తపరీక్ష మళ్లీ చేయించి ఆ అంకెల పక్కన పెట్టి చూడండి.